ఖాళీ పెట్టెలో గొంతు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో తను తప్ప ఎవరూ లేనప్పుడు, సుగుణని ఆమె భర్త గొంతు "టీ తాగావా?" అని అడిగింది.

ఇంకా లేదని చెప్పి ఆమె మళ్ళీ కీబోర్డు మీదకి వంగింది. నాలుగు అక్షరాలు కొట్టాక గానీ వేళ్ళు ఆగలేదు. ధర్మారావు ఇంట్లో లేడు. వాళ్ళమ్మ నూకరత్నం అతన్ని చక్రాల కుర్చీతో సహా ఆటో ఎక్కించుకుని కంటి పరీక్షల శిబిరానికి తీసుకెళ్ళి చాలాసేపయింది. అతని తలలోంచి మాటలు అందుకుని బయటికి పలికే పెట్టె కూడా ఆ కుర్చీకే వేలాడుతూ వెళ్ళింది. ఇక్కడ బల్ల మీద ఉన్నది విడి పెట్టె, పరీక్షల కోసం తెప్పించుకున్నది. అందులో అతని గొంతు ఎక్కించి ఉంది గానీ, దానికి ఏ మనిషినీ తగిలించలేదు.

"బావా?" అంది సుగుణ, ఎవరైనా వింటే నవ్విపోతారేమో అన్నంత మెల్లగా.

"చెప్పు సుగుణా, ఇక్కడే ఉన్నాను," అంది పెట్టె.

ఆమె కుర్చీ వెనక్కి తోసుకుని లేచింది. లేచాక ఎటు పోవాలో తెలియక, అక్కడే నిలబడిపోయింది.

సుగుణ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ధర్మారావు ఆమెకి మేనమామ కొడుకు. కాకినాడ చేపల రేవులో వేలం వేసేవాడు. తెల్లారకుండానే పడవలు దిగిన సరుకు ముందు నిలబడి, వంజరం, చందువా, రొయ్య, ఏ గుట్టకా గుట్ట పేరు చెప్పి కేక పెడితే, మంచు గిడ్డంగి అవతల ఉన్నవాడికి కూడా వినపడాల్సిందే. నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. చదువుకున్న పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు, ఎప్పుడూ మేష్టరమ్మే. అలాంటి మనిషికి రేవులోనే పక్షవాతం వచ్చి, కుడివైపు పడిపోయింది, గొంతు మూగబోయింది.

అప్పుడు ఈ పలుకుపెట్టె వాళ్ళ ఇంటికి వచ్చింది. చెవి వెనక ఎముకలో కందిబద్దంత చిప్పు పెడతారు. మనిషి మనసులో మాట అనుకోగానే మెదడులో పుట్టే సన్నటి అలల్ని అది పట్టి పెట్టెకి పంపుతుంది. పెట్టె వాటిని మాటలుగా మార్చి, ఆ మనిషి పాత గొంతుతోనే పలుకుతుంది. దీన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టం పేరు తూనీగ. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. దాని లోపలి రాత అంతా బహిరంగం, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. అదంతా వందల ప్యాకేజీల కట్ట. ఒక్కో ప్యాకేజీని ఒక్కో మనిషి దత్తత తీసుకున్నట్టు చూసుకుంటాడు. వచ్చిన ఫిర్యాదులు విని, తప్పులు దిద్ది, కొత్త వెర్షను కట్టి అందరి పెట్టెల్లోకి పంపిస్తాడు. జీతం లేదు, కానీ పని వదిలేస్తే ఆ ప్యాకేజీ అనాథ అయిపోతుంది.

అలా అనాథ కాబోతున్న ప్యాకేజీని సుగుణ తీసుకుంది. దాని పేరు పూరణ. తలలోంచి వచ్చే అలలు ఒక్కోసారి తెగిపోతాయి, ఫోనులో మాట మధ్యలో ఎగిరిపోయినట్టు. "నాకు అన్నం... వద్దు" అని తెగినచోట "ఇప్పుడు" అనే మాట ఊహించి పెడితే వినేవాళ్ళకి సుఖంగా ఉంటుందని మొదట దాన్ని రాశారు. ఊహ కుదరడానికి ఎదుటివాళ్ళ మాటలు కూడా వినమని దానికి నేర్పారు. తన భర్త వాడే పెట్టెలో పని చేసేదే కదా, పరాయివాళ్ళ చేతిలో ఎందుకని ఆమె ముందుకొచ్చింది.

ఇప్పుడు కొత్త వెర్షను పంపే ముందు పరీక్షిద్దామని కూర్చుంది. ధర్మారావు అలలు దాచిన ఫైలుని ముందు పెట్టెలోకి ఎక్కించి, తర్వాత మీట నొక్కాలి. ఇడ్లీపిండి ఫ్రిజ్‌లో పెట్టానా లేదా అని ఆలోచిస్తూ ఫైలు ఎక్కించడం మర్చిపోయింది. ఏమీ లేని పెట్టెని నడిపించింది. అదేమో టీ తాగావా అని అడిగింది.

ఆమె మళ్ళీ కూర్చుని, రేపు పెసరట్లు వెయ్యనా అని దాన్ని అడిగింది. నీకు ఓపిక ఉంటేనే వెయ్యి అంది పెట్టె. కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అంటే, నువ్వు పక్కనుంటే నాకేం నొప్పి అంది. రోజూ వినే మాటలే, రోజూ వినే గొంతే. తెర మీద మాత్రం లోపలికి వస్తున్న అల గీత నేలకి అంటుకున్నట్టు పడి ఉంది.

సుగుణ పూరణ పాత వెర్షన్లన్నీ వరసగా తెరిచింది. మొదట రాసినవాళ్ళు హద్దు పెట్టారు, అటూ ఇటూ మనిషి మాట ఉంటేనే మధ్యలో ఒక్క మాట పూరించాలని. వాడేవాళ్ళ నుంచి ఫిర్యాదులొచ్చాయి, మా నాన్నకి నత్తి వస్తోంది, మా అక్క మాట మధ్యలో ఆగిపోతోంది అని. అప్పట్లో పూరణని చూసుకుంటున్న మెయింటెయినరు హద్దు కాస్త పెంచి, ఫిర్యాదు మూసేశాడు. తర్వాత వచ్చినామె ఇంకాస్త పెంచింది. ఎవరూ తప్పు చెయ్యలేదు, ఎవరికి వాళ్ళు ఎదురుగా వచ్చిన ఫిర్యాదుని తీర్చారు. ఆఖరి సడలింపు కింద ఉన్న పేరు సుగుణది. కొడుకు మాట తెగిపోతోందని అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆ రోజే కూర్చుని హద్దు ఎత్తేసినంత పని చేసింది. దేశదేశాల నుంచి ఎంతమంది థాంక్స్ చెప్పారో.

ఆమె ధర్మారావు ఫైలు తీసి, అతను పలికిన మాటల్లో తలలోంచి వచ్చినవి ఎన్నో, పూరణ పెట్టినవి ఎన్నో విడదీయమని ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. తలలోంచి వచ్చిన మాట ఒక్కటీ లేదు.

మొదటి ఏడాది ఏదో కాస్త వచ్చేదేమోనని వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడా లేదు, తన కంటే ముందువాళ్ళ సడలింపులే అప్పటికి సరిపోయాయి. పెట్టె పెట్టిన రోజు నుంచీ, ఈ రెండేళ్ళూ, ఆమె సంసారం చేసింది పూరణతో.

జబ్బు చేశాక మనిషి మెత్తబడ్డాడని పేట అంతా చెప్పుకునేవారు. బూతు లేకుండా మాట్లాడలేనివాడు "సుగుణా" అని తియ్యగా పిలుస్తుంటే, మొదట్లో ఆమెకి ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైంది, ఇంకొన్నాళ్ళకి బాగుందనిపించింది. అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటి గుర్తొచ్చింది. మొదట్లో ఫిజియోథెరపీ కుర్రాడొచ్చి కుడిచెయ్యి వంచి సాపుచేసేవాడు. ధర్మారావు ముఖం నొప్పితో వంకరలు పోయేది. చూడలేక ఆమె, నీకు కష్టంగా ఉంటే మానేద్దామా అని అడిగింది. "మానేద్దాం సుగుణా, నాకిలాగే బాగుంది," అన్నాడు. అన్నాడనే ఆమె అనుకుంది. ఆ కుర్రాణ్ణి రావద్దని చెప్పేసింది.

గుంటూరులో ఫణీంద్ర గారికి ఫోన్ చేసింది. ఆయన రిటైరయిన నరాల డాక్టరు, తూనీగలో పలుకు ప్యాకేజీల బృందానికి పెద్ద. ఏ వెర్షను వెళ్ళాలన్నా ఆయన చెవిన వెయ్యడం వాళ్ళ అలవాటు. ఆమె చెప్పిందంతా ఆయన అడ్డురాకుండా విన్నాడు. హద్దు మళ్ళీ మొదటిచోట పెట్టి రేపటికి పంపేస్తానని ఆమె అనగానే, తొందరపడొద్దన్నాడు. వేల ఇళ్ళల్లో ఒక్కసారే మాటలు ఆగిపోతాయి, గుండె ఆగేవాళ్ళు ఆగుతారు, పదిమందితో చర్చించాలి అన్నాడు. నిజం తెలిశాక కూడా అబద్ధాన్ని నడిపించమంటారా అని ఆమె అడిగింది.

"మా ఆవిడకీ ఆ పెట్టే ఉందమ్మా. రోజూ పొద్దున్నే నిద్ర పట్టిందా అని నన్ను అడుగుతుంది. అది తీసెయ్యకు."

ఫోన్ ఎవరు ముందు పెట్టేశారో ఆమెకి గుర్తులేదు.

ఆటో ఆగిన చప్పుడైంది. నూకరత్నం కొడుకుని లోపలికి తోసుకొచ్చి, కళ్ళలో చుక్కలు వేశారు, ఒక పూట మసగ్గానే ఉంటుందన్నారు అని చెబుతోంది. కుర్చీకి వేలాడుతున్న పెట్టె, ఎండ బాగా ఉంది సుగుణా, నువ్వు తిన్నావా అంది. సుగుణ భర్త ముందు మోకాళ్ళ మీద కూర్చుని అతని కళ్ళలోకి చూసింది. మందు వేసిన కళ్ళు నీళ్ళు కారుస్తూ ఎటో చూస్తున్నాయి. ఆ చూపు వెనక మనిషి ఉన్నాడో లేడో ఆమెకి అంతుపట్టలేదు. చెయ్యి చాపి పెట్టెలో పూరణని ఆపేసింది.

నూకరత్నం కాసేపు కొడుకుతో మాట్లాడుతూ కళ్ళజోడు సంగతీ, దారిలో ట్రాఫిక్కు సంగతీ చెప్పింది. జవాబు రాకపోయేసరికి కోడలి వైపు తిరిగింది.

"ఏటే అమ్మాయ్, పెట్టె పాడైపోయిందా?"

పాడవ్వలేదు అత్తా, ఇప్పుడే బాగైంది అని చెప్పడానికి సుగుణకి నోరు రాలేదు. రిపేరు చేస్తున్నానంది. చేస్తున్నదేమిటంటే, కన్నార్పకుండా తెర వైపు చూడటం. పూరణ లేని పెట్టె ఒక్క మాట పలకడం లేదు. లోపల ఎవరూ లేరన్నమాట. ఆ సంగతి ఆమె తనకి తాను చెప్పుకుంది.

కొంతసేపటికి, చెయ్యడానికి వేరే ఏమీ లేక, పెట్టె లోపలి చెత్తబుట్టని తెరిచింది. పెట్టె మాటలుగా గుర్తుపట్టలేని అలల్ని రొద కింద లెక్కేసి ఒక పక్కన పడేస్తుంది. దాన్ని ఏ మెయింటెయినరూ తెరిచి చూడడు. సుగుణ దాన్ని తెర మీద గీసింది. రొద అయితే చెల్లాచెదరుగా ఉండాలి. ఇది అలా లేదు. ఒక గట్టి తోపు, సాగదీత, విరామం. మళ్ళీ గట్టి తోపు, సాగదీత, ఇంకా పెద్ద విరామం. ఆగి, మళ్ళీ మొదటినుంచి. వెనక్కి జరిపితే నిన్నా అదే, పోయిన నెలా అదే, పెట్టె పెట్టిన వారానికీ అదే.

ఆ తూగు ఆమెకి తెలుసు. పెళ్ళయిన కొత్తలో రేవుకి టిఫిన్ డబ్బా పట్టుకెళ్ళి, దూరం నుంచి విన్న తూగు అది.

పెట్టె పెట్టినప్పుడు టెక్నీషియన్లు ఏం చేశారో అప్పుడామెకి గుర్తొచ్చింది. మెదడు అలల్ని పెట్టెకి అలవాటు చెయ్యడానికి పుస్తకంలో అచ్చేసిన వాక్యాలు తెర మీద చూపించి, వీటిని మనసులో చదువుకోండి అన్నారు. ఈ రోజు వాతావరణం ఆహ్లాదకరంగా ఉన్నది. దయచేసి కిటికీ తెరవండి. పుట్టి బుద్ధెరిగాక ధర్మారావు నోట రాని మాటలు అవి. అతను కూడబలుక్కుని ఏదో చదివాడు, పెట్టె ఆ చదువుకే అలవాటు పడింది. తర్వాత అతను తన పద్ధతిలో లోపల గొంతు చించుకుంటుంటే అది మనిషి మాట అని దానికి తోచలేదు. పక్కనే సుగుణ ఉంది, ఆ రోజు టెక్నీషియన్లకి టీ ఇచ్చింది కూడా, ఆమెకీ తోచలేదు.

ఫోనులో పాత వీడియోలు వెతికింది. రేవులో ఎవరో తీసినవి, ధర్మారావు రొయ్యల గుట్ట ముందు నిలబడి వేలం వేస్తున్నవి. అవి అతని చెవి దగ్గర పెట్టి, "బావా, ఇది వింటూ నువ్వూ లోపల కేక పెట్టు. మళ్ళీ మళ్ళీ పెట్టు," అంది. పెట్టెకి ఆ అలలూ ఈ కేకలూ జోడించి నేర్పడం మొదలుపెట్టింది. నూకరత్నం వంటింటి గుమ్మంలో నిలబడి, కోడలికి మతి పోయిందేమో అన్నట్టు చూస్తోంది. వీధిలో దీపాలు వెలిగే వేళకి పెట్టె సిద్ధమని ఆకుపచ్చ దీపం చూపించింది.

"ఒకటోసారీ," అంది పెట్టె.

అదే గొంతు, కానీ ఈసారి మెత్తదనం లేదు, మాటకీ మాటకీ మధ్య ఈడ్చుకుంటూ వచ్చింది.

"రెండోసారీ."

అక్కడ ఆగింది. రేవులో అతను అక్కడే ఆగేవాడు. చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసేవాడు, ఎవరైనా పాట పలుకుతారేమోనని. ఎవరూ పలక్కపోతే మూడోసారి అనకుండా మళ్ళీ మొదలుపెట్టడం అతని పద్ధతి, ఏ గుట్టనీ ఊరికే వదిలేసేవాడు కాదు. రెండేళ్ళుగా ఎవరూ పలకలేదు.

"నా పాట, బావా," అంది సుగుణ.

ఆ కేక తీరు పట్టుబడ్డాక, అతని మామూలు మాట కూడా పెట్టెకి అందింది.

"ఇప్పటికి ఇనపడిందేటే మేష్టరమ్మా. అరిసి అరిసి సచ్చేను."

సుగుణ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఈ రెండేళ్ళ మాటలన్నీ నీవి కాదా అని అడగడానికి కూడా భయమేసింది, ఆమె అడక్కుండానే అతను చెప్పాడు. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకున్నట్టు ఆగి ఆగి చెప్పాడు.

"నేనెప్పుడన్నా సుగుణా అన్నానేటే నిన్ను. ఎవడో నా గొంతెట్టుకుని మాటాడతన్నాడు. ఆపమని సెప్తానికి నాకు గొంతు లేదు."

నూకరత్నం వచ్చి కొడుకు కాళ్ళ దగ్గర కూలబడింది. రోజూ అన్నం తిన్నావా అమ్మా, మందు వేసుకున్నావా అమ్మా అని అడిగింది ఎవర్రా అంది. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ కొడుకు ఆ మాట ఒక్కసారీ అడగలేదు, ఆ సంగతి ఆమెకి తెలుసు, ఈ రెండేళ్ళూ దేవుడు చల్లగా చూశాడని పేటలో అందరికీ చెప్పుకుంది. ధర్మారావు నేను కాదమ్మా అన్నాడు. అడగాలని ఉండేదని కూడా అన్నాడు గానీ, ఆమె అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

తర్వాత అతను సుగుణని అడిగిన మాట ఒక్కటే.

"కుడిసెయ్యి ఎందుకు మానిపించేసేవు? సేతి ఏళ్ళు కదిలేయి. ఒద్దు మానొద్దని నేను లోపల అరుత్తానే ఉన్నాను. నా గొంతే మానేద్దాం అంది. నువ్వు దాని మాట ఇన్నావు."

సుగుణ ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేళ్ళు లోపలికి ముడుచుకుని, ఎండిన పీతకాలులా బిగిసిపోయి ఉన్నాయి. సాపు చెయ్యబోతే రాలేదు. క్షమించమని అడిగితే అతనేమంటాడో అన్నదానికంటే, ఇప్పుడు నిజంగా అతనే అంటాడన్న సంగతి ఆమెని భయపెట్టింది. అడగలేదు. ఫిజియోథెరపీ కుర్రాడికి ఫోన్ చేసి రేపు పొద్దున్నే రమ్మంది. రెండేళ్ళ తర్వాత ఏం ప్రయోజనం మేడం అని అతనంటే, ఆయన రమ్మంటున్నాడని చెప్పింది.

బల్ల దగ్గరికొచ్చి కొత్త వెర్షను తెరిచింది. హద్దు మొదట రాసినవాళ్ళు పెట్టినచోట పెట్టింది. ప్రతి వెర్షనుతోనూ ఏం మారిందో నాలుగు ముక్కలు రాసి పంపడం వాళ్ళ ఆచారం. ఆమె రాసింది: మీవాళ్ళు అనని మాట ఈ పెట్టె ఇకమీదట అనదు. నిశ్శబ్దంగా ఉంటే రొదలో వెతకండి, వాళ్ళు రోజూ ఏ మాటలతో బతికారో వాటితో పెట్టెకి మళ్ళీ నేర్పండి. కొందరి దగ్గర ఏమీ దొరక్కపోవచ్చు. నా తప్పు కూడా ఇందులో ఉంది.

మీట మీద వేలు పెట్టి ఆగింది. ఫణీంద్ర గారు వద్దన్నారని, చాలా ఇళ్ళల్లో లోపల ఎవరూ ఉండకపోవచ్చని, ఉన్న ఆ కాస్త తియ్యదనం కూడా పోతుందని భర్తకి చెప్పింది.

"లేనోళ్ళ సంగతి నాకు తెల్దు. ఉన్నోడొకడున్నా, ఆడు అరుత్తానే ఉంటాడే. పంపెయ్యి."

ఆమె పంపేసింది. ఫణీంద్ర గారికి తనే ఫోన్ చేసి చెప్పింది. ఆయన తిట్టలేదు. వెర్షను నీ ఫోనుకంటే ముందే వచ్చేసిందమ్మా, మా ఆవిడ పెట్టె ఆగిపోయింది, ఇందాక చాయ్ ఇస్తే ఏమీ అనలేదు అన్నాడు. సుగుణ ఇక్కడ జరిగిందంతా చెప్పి, ధైర్యం తెచ్చుకుని అడిగింది. ఆవిడ ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీతో రోజూ ఎలా మాట్లాడేవారో గుర్తుచేసుకోండి డాక్టరు గారూ, ఏ మాటలు, ఏ తీరు, దాన్నిబట్టి వెతుకుదాం అంది.

"ఆమె నాతో మాట్లాడటం మానేసి పదేళ్ళయిందమ్మా," అన్నాడాయన. "నేను చేసిన పని అలాంటిది. పెట్టె పెట్టాకే మాట్లాడింది. క్షమించిందనుకున్నాను."

ఫోన్ స్పీకర్లో ఉందన్న సంగతే సుగుణ మర్చిపోయింది. వెనక నుంచి భర్త గొంతు, ఈడ్చుకుంటూ, మోటుగా వచ్చింది.

"ఎదురుగా కూసోమను. తిట్లుంటాయి లోపల. అయ్యే ఎతకమను."

ఫోనులో కుర్చీ నేల మీద లాగిన చప్పుడు వినపడింది. తర్వాత ఆ పెద్దాయన, ఆమెతో కాదు, ఇంకెవరితోనో, "రాజేశ్వరీ, నీ ఇష్టం వచ్చినన్ని తిట్టు," అన్నాడు.